నూకయ్య పన్నుపై సంయుక్త తనిఖీ

నూకయ్య కుడివైపు కింది దవడలో చివరినుంచి రెండో పన్నును ఉంచవలెనా, తొలగించవలెనా అన్న విషయమై ఖరగ్‌పూర్ తెలుగు పెద్దలు ఆదివారం ఉదయం సంఘం హాలులో సమావేశమగుచున్నారని ఇందుమూలముగా తెలియజేయడమైనది. పన్ను గలవారు తప్పక రావలెను.

ఈ ప్రకటనలో వింతేమీ లేదు. నూకయ్య రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. అక్కడ వ్యాగను పాడైతే, రిపేరు చేయాలా, కండెం చేసి తుక్కులోకి తోయాలా అన్నది ఏ ఒక్కడూ తేల్చకూడదు. అన్ని సెక్షన్లవాళ్ళూ చుట్టూ చేరి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయాలి. ఆ తర్వాత ఏం జరిగినా తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. అదే ఆ పద్ధతిలోని గొప్పతనం. అందులో నలిగి పండిన నూకయ్య ఏ నిర్ణయమూ ఒంటరిగా తీసుకున్న పాపాన పోలేదు. జోగమ్మను చేసుకున్నది కూడా ముగ్గురు బావమరుదులు సరేనన్నాకే.

ఊళ్ళో ఇందా పేటలోని పళ్ళ డాక్టరమ్మకు ఈ సంప్రదాయం తెలియదు. ఎక్స్‌రే చూసి హిందీలో విడమరిచి చెప్పింది.

"దాదూ, పన్ను వేరు దగ్గర చీము పట్టింది. రూట్ కెనాల్ చేస్తే నిలబడొచ్చు, వద్దంటే తీసేద్దాం. మీ ఇష్టం. ఆలస్యం మాత్రం వద్దు. చీము పాకితే పన్ను సంగతి వదిలి మనిషి సంగతి చూడాలి."

నూకయ్యకు చీము అంటే భయం వేయలేదు. "మీ ఇష్టం" అన్న మాటకు చెమటలు పట్టాయి. "ఠీక్ హై దీదీ" అని లేచి వచ్చేశాడు. ఆవిడ రాసిన మందులు కొన్నాడు గానీ, తీర్మానం కాకుండా మింగడం మర్యాద కాదని జేబులోనే ఉంచాడు. ఆ సాయంత్రం ఆయన మూలుగు విని నిమ్‌పురా యార్డులో షంటింగు ఇంజనొకటి హారన్ అనుకొని ఆగిపోయిందని ప్రతీతి. ఆ ఇంజను అసలే చెడిపోయి ఉందనేవాళ్ళూ లేకపోలేదు. అలాంటివాళ్ళను ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు.

సభ నిండింది. నూకయ్యను బల్ల మీద పడుకోబెట్టి, మొబైల్ టార్చీలు వేసి, వరుసగా నోట్లోకి తొంగి చూశారు. ఎలక్ట్రికల్ సెక్షనాయన టెస్టరు పెట్టి కరెంటు లేదని ధ్రువపరిచాడు. చక్రాల సెక్షనాయన చక్రాన్ని సుత్తితో కొట్టి చూసినట్టే పన్ను మీద చెంచాతో ఠంగుమని కొట్టాడు. నూకయ్య పెట్టిన కేక వీధి చివర వినబడింది.

"మోత బాగానే ఉందిరా బావా!" అని ఆయన సంతృప్తిగా చెంచా తుడుచుకున్నాడు.

పరిరక్షణ పక్షాన రిటైర్డ్ హెడ్‌క్లర్కు ఫణీంద్ర లేచారు. "సోదరులారా! మన తాతలు శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి వేళ్ళూనారు. ఈ గడ్డ మీద ఏ తెలుగు వేరూ కదలలేదు. ఈరోజు నూకయ్య పన్ను కదిలితే రేపు మన ఉనికే కదులుతుంది!" చప్పట్లు మోగాయి. బల్ల మీద ఉనికి మూలిగింది.

తొలగింపు పక్షాన కిరాణా కొట్టు పాండురంగయ్య లేచారు. "నా కొట్టులో ఉల్లిపాయ కుళ్ళితే ఏం చేస్తానండీ? తీసి పారేస్తాను. దానికి మీటింగు పెడతానా?" మీటింగు ఎందుకని మీటింగులో అడిగిన ఆ ధైర్యానికీ చప్పట్లు మోగాయి.

శింగాడాలనే బెంగాలీ సమోసాలు, టీ వచ్చాయి. నూకయ్య నమలలేడు గనుక ఆయన వంతును కార్యవర్గం పెద్ద మనసుతో స్వీకరించింది. పన్నును ఉంచుతూనే తొలగించే మధ్యేమార్గాన్ని అన్వేషించడానికి ఉపసంఘం ఏర్పడింది. అది తాల్‌బగీచాలో ఒక సభ్యుడింట చేపల పులుసుతో భోంచేసి, మార్గం కనబడలేదని పై ఆదివారానికి వాయిదా కోరింది.

పై ఆదివారానికి నూకయ్య ముఖం ఒకవైపు నూకయ్యలాగా, రెండోవైపు ఇంకెవరో బలిసిన జమీందారులాగా తయారైంది. ఒళ్ళు కాలిపోతోంది. దవడ బిగుసుకుపోయి నోట్లోకి వేలు దూరడం లేదు. తనిఖీకి వీలు కాలేదని సభ విచారం వ్యక్తం చేసింది. అంతలో జోగమ్మ లోపలికొచ్చింది.

"ఏటయ్యా, నోరు నీది గదా! పీకమంతావా, ఉంచమంతావా? నువ్వేటంతావో సెప్పు!"

నూకయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటిసారి ఆయనకొక అభిప్రాయం ఉంది. చెప్పడానికి నోరు తెరుచుకోలేదు.

"సభ్యుడు అభ్యంతరం చెప్పలేదు. కాబట్టి ఉపసంఘం గడువు పెంపు ఏకగ్రీవం!" అన్నారు ఫణీంద్ర.

"మీ మీటింగు మండిపోను! పన్ను సంగతి మీరు సూసుకోండి. మనిసిని నాను తీసుకెల్లిపోతన్నాను. అంత కావాలంతే పన్ను తరవాత పంపిత్తాను!" అని జోగమ్మ మొగుణ్ణి రెక్క పట్టుకు లేపి టోటో రిక్షాలో కూలేసింది.

ఆసుపత్రిలో సూదులెక్కించారు, చీము తీశారు. పన్ను నిలిచే రోజులు దాటిపోయాయన్నారు. తీసేశారు. ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే మనిషినే కండెం చేయాల్సివచ్చేదన్నది వాళ్ళ మాటల సారాంశం.

పాండురంగయ్య పక్షం విజయోత్సవం జరిపింది. ఫణీంద్ర పక్షం సంతాప సభ జరిపింది. ఖర్చు కలిసొస్తుందని రెండూ ఒకే హాలులో, ఒకే పూలదండతో జరిగాయి.

కోలుకున్నాక డాక్టరమ్మ మరో పంటిలో చిన్న పుచ్చు చూపించి, ఏం చేయమంటారని అడిగింది. నూకయ్య అటూ ఇటూ చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. "పూడ్చెయ్యి దీదీ" అన్నాడు. అది ఆయన ఒంటరిగా తీసుకున్న మొట్టమొదటి నిర్ణయం. పావుగంటలో పని అయిపోయింది.

విషయం పొక్కగానే సంఘం దిగ్భ్రాంతి చెందింది. పెద్దలకు చెప్పకుండా సొంత నోట్లో సొంత పన్ను పూడ్పించుకున్నందుకు ఆయన సభ్యత్వం రద్దయింది. ఆ స్థానం ఇప్పుడు ఖాళీగా ఉంది. పీకేసిన ఆ మొదటి పన్ను రంగైనా చూడకుండానే, అది మొదట్లోనే పీకించి ఉండాల్సిందనో, నిలబెట్టుకుని ఉండాల్సిందనో ఈపాటికి గట్టిగా తేల్చేసుకున్న పాఠకులు ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంతకన్నా అర్హత అక్కర్లేదు.