మూడు నిమిషాల మిగులు

"ఇకమీదట ఒక్క చుక్క ఇంధనం కూడా వృథా కానివ్వను!" అని ఇంధన పొదుపు మంత్రిగారు ప్రకటించిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. చదవడం వేరు, ఆ మహానుభావుణ్ణి కళ్ళారా చూడడం వేరు. నేను చూశాను. మా కాంట్రాక్టరుగారి సొంత హెలికాప్టర్‌కి ఇంధనం నింపే ఉద్యోగం నాది.

ఇంధన పొదుపు భవనానికి శంకుస్థాపన చేయడానికి ఆయన బయల్దేరారు. ప్రభుత్వ ఇంధనం ముట్టనని ఒట్టు వేసుకున్నారు గనుక మా హెలికాప్టర్ ఎరువు తీసుకున్నారు. వెంట బామ్మర్దిగారు, ఫొటోగ్రాఫర్, నూట ముప్పై కిలోల శిలాఫలకం. అక్కడివాళ్ళు చెక్కిస్తే తన పేరు చిన్నదైపోతోందని, ఆయన రాయి ఎప్పుడూ ఇంటి నుంచే తెచ్చుకుంటారు.

"రాయి ఎక్కితే బరువెక్కువవుతుంది సార్" అన్నాడు పైలట్.

"అయితే ఏదో ఒకటి దించు."

"మనుషుల్నా సార్?"

"మనవాళ్ళని దించడమేంటయ్యా! ఇంధనం దించు."

మూడు వందల లీటర్లున్న ట్యాంకులోంచి నూట అరవై తోడేశాను. ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక, "సార్, ఇంత తక్కువతో ఎగరడం మంచిది కాదు" అనేశాను.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఇంధనం మీద ఇంత శ్రద్ధ ఉన్నవాడు కింద ఉండడమేంటి? నిన్ను గాల్లో ఇంధన నిర్వహణాధికారిగా నియమిస్తున్నాను. ఎక్కు!"

నేను డెబ్బై రెండు కిలోలుంటాను. నా కోసం నా చేతుల్తోనే ఇంకో తొంభై లీటర్లు తోడాను. మిగిలినవి యాభై.

పైలట్ లెక్క వేసి తల పట్టుకున్నాడు. "పదహారు నిమిషాలకొస్తుంది సార్. ప్రయాణం పదమూడు. పైన ఇరవై నిమిషాలకి సరిపడా నిల్వ ఉండాలని రూలు."

"నిల్వలు దాచుకునేవాళ్ళ మీదే కదయ్యా నా పోరాటం! అయినా మూడు నిమిషాలు మిగులుతోందిగా? మా శాఖలో మిగులు చూపించిన మొదటి మంత్రిని నేనే!"

బామ్మర్దిగారు చప్పట్లు కొట్టారు. పైలట్ మా కాంట్రాక్టరుగారికి ఫోన్ చేశాడు. మంత్రిగారిని కాదంటే రేపటి నుంచి పనిలోకి రావద్దని అట్నుంచి జవాబొచ్చింది. ఎగిరాం.

సభాస్థలం కనిపించింది. కింద జనం చేతులూపుతున్నారు. నేను హమ్మయ్య అనుకున్నాను.

"దిగకు. మూడు చుట్లు తిప్పు. మిగులు ఉందిగా" అన్నారు మంత్రిగారు.

రెండో చుట్టులో పైలట్ ముందు ఎర్రలైటు వెలిగింది.

"బావగారూ, ఎర్రలైటు!"

"నా కారు మీదిది ఎలాగూ పీకేశారు. ఇక్కడైనా వెలగనీ."

పెందలాడే వస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. "సార్, ఆ రాయి కిందికి తోసేద్దాం, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను.

"దాని మీద నా పేరుందయ్యా!"

మూడో చుట్టు మొదలైంది. ఇంజిన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. అంత నిశ్శబ్దం నా జన్మలో వినలేదు. పైలట్ ఏం చేశాడో, ఎలా చేశాడో గానీ, జనానికి దూరంగా ఆటస్థలంలోకి తెచ్చి కుదేశాడు. తోక విరిగింది. పైలట్ కాలు విరిగింది. రాయికి గీత కూడా పడలేదు.

మంత్రిగారు చొక్కా దులుపుకుని దిగారు, పరుగెత్తుకొచ్చిన విలేకరుల ముందు నిలబడ్డారు. "చూశారా? ట్యాంకులో చుక్క ఇంధనం లేదు కాబట్టే మంటలు రాలేదు. ఈ రోజు ఐదు ప్రాణాల్ని కాపాడింది పొదుపే!" ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో బాగా వచ్చింది. రాయిని అక్కడే పాతారు.

ప్రమాదంపై విచారణ సంఘం వేశారు. ప్రత్యక్ష సాక్షి కావడంతో బామ్మర్దిగారినే అధ్యక్షుణ్ణి చేశారు. నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. దాని కాపీతో పాటు నాకు ఇంకో కాగితం కూడా వచ్చింది. రెండూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

పైలట్ కట్టు కట్టిన కాలు సర్దుకుంటూ ఆత్రంగా అడిగాడు. "నేను వేసిన లెక్క రాశారా అందులో?"

"రాశారు సార్. లెక్క కరెక్టేనట."

"మరి తప్పెక్కడుందట?"

"హెలికాప్టర్లో డెబ్బై రెండు కిలోలు అనవసరంగా ఎక్కిందట."