దేవానందం పట్టుకున్న అల

బావమరిది ఉద్యోగం ఊడితే ఆ కష్టం బావమరిదిదే అనుకునేవాడు ఇంకా పెళ్ళి కానివాడై ఉండాలి. మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసే దేవానందానికి పెళ్ళయి చాలా కాలమైంది. అందుచేత అతనికి అలాంటి భ్రమలు లేవు. అతని భార్య దయామణికి ఒక్కడే తమ్ముడు, బాలశౌరి. అదే ఫ్యాక్టరీలో రాయి కాల్చే గొట్టంలాంటి కొలిమిని తిప్పే పెద్ద మోటారు దగ్గర ఆపరేటరు. దసరా వెళ్ళిన వారంలోనే ఆ మోటారు కాస్తా కాలిపోయింది. డ్యూటీలో నిద్రపోయి కాల్చాడని కంపెనీ బాలశౌరిని సస్పెండు చేసి, క్వార్టరు కూడా ఖాళీ చేయించింది. పెళ్ళాన్నీ, ముగ్గురు పిల్లల్నీ, రెండు మేకల్నీ వెంటబెట్టుకుని అతను అక్క ఇంట్లో దిగాడు. ఆ రోజు నుంచి దేవానందం వరండాలో మేకల పక్కన పడుకుంటున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం బాలశౌరి మీద విచారణ. హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చి గెస్టుహౌసులో దిగాడని పొద్దున్నే కబురు తెలిసింది. దేవానందం తల దువ్వుకుంటుంటే దయామణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరేందో చేస్తానన్నారు. చేస్తారా, చెయ్యరా?"

"చేస్తానే. మోటారు కాలింది వాడి నిద్ర వల్ల కాదు, కరెంటు వల్ల. సాక్ష్యం నా పెట్టెలో ఉంది."

"ఏంది, ఆ రేడియో లాంటిదా? అది చెబితే ఆఫీసరు ఇంటాడా?"

"కాగితం మీదికెక్కితే ఇంటాడు. ఈ కంపెనీలో కాగితం మీద లేంది జరగనట్టే."

"వాడికి ఉద్యోగం రాకపోతే మా అమ్మకి నేను మొగం చూపించలేను. అంతే నేను చెప్పేది," అని దయామణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అందుకే దేవానందానికి అంత భయం.

ఆ పెట్టె పేరు ఆసిలోస్కోపు. ఇటుక కంటే కాస్త పెద్దది, చేత్తో పట్టుకోవచ్చు. తీగల్లో కరెంటు ఎట్లా నడుస్తోందో చిన్న తెర మీద అలలాగా గీసి చూపిస్తుంది. ఫ్యాక్టరీ కట్టినప్పుడు వచ్చిన విదేశీ ఇంజినీరు పాడైందని పారేసిపోతే దేవానందం బాగుచేసుకుని దాచుకున్నాడు. మోటారు మూలుగు తేడాగా ఉందని తోచి, అది కాలడానికి రెండు రోజుల ముందు, ఎవరికీ చెప్పకుండా దీన్ని మోటారు ప్యానెల్‌కు తగిలించాడు. అప్పుడు టార్చిలైటు పట్టుకున్నది బాలశౌరే. కాలిన సమయంలో కరెంటు ఒక్కసారిగా పడిపోయి, మళ్ళీ విరుచుకుపడింది. ఆ అలను తేదీతో, టైముతో సహా పెట్టె పట్టేసింది. చిక్కల్లా బ్యాటరీతోనే. అది ముసలిది, పెట్టె ఆగితే అల చెరిగిపోతుంది. అప్పటి నుంచి ఛార్జరు తీయకుండా పురిటిబిడ్డను కాచినట్టు కాస్తూ వచ్చాడు. ఇవాళ తీయక తప్పలేదు.

ఫ్యాక్టరీ మొత్తం మీద ఆ అలను కాగితం మీదికి ఎక్కించగలిగేది ఏసీ గదిలోని కంప్యూటరు ఒక్కటే. దాన్ని ధనుంజయరావు కాపలా కాస్తుంటాడు, ఆ గదిలో ఇంకో ప్లగ్గు పెట్టనివ్వడు. హోదాకు ఆపరేటరు, వాలకానికి పూజారి.

"చెప్పులు బయట!"

"బయటే విడిచాను సార్."

"కాళ్ళు కడిగావా?"

దేవానందం పెట్టెను చంకన పెట్టుకుని కుళాయి దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కొచ్చాడు.

పెట్టె చెప్పింది కంప్యూటరు వినాలంటే మధ్యలో సీరియల్ కేబులు కావాలి. గుంటూరులో కూడా దొరకలేదు కనక టెలిఫోను తీగతో తానే ఒకటి చేసుకున్నాడు. దాన్ని గుచ్చుదామని కంప్యూటరు వెనక్కి వంగి చూసేసరికి అతని ప్రాణం ఉసూరుమంది. ఆయుధపూజ నాడు ధనుంజయరావు కంప్యూటరుకు బొట్లు పెట్టాడు. అందరిలాగా ముందు వైపు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. భక్తి ఎక్కువై, వెనక ఉన్న ప్రతి సాకెట్టులోనూ తడి పసుపూ కుంకుమా అద్దాడు. అదంతా పిన్నుల మధ్య ఎండి గడ్డకట్టింది.

"సార్, ఇది గీకాలి."

"బొట్టు గీకుతావా? అరిష్టమయ్యా! నీకేం తెలుస్తుందిలే, చర్చీకి పోయేవాడివి."

"అరిష్టం చర్చీకి పోయేవాళ్ళకి కూడా తెలుసు సార్, మా ఇంట్లోనే దిగింది. గీకినాక మీరే మళ్ళీ పెట్టుకోండి, కాస్త పైన."

ధనుంజయరావు కాసేపు గింజుకున్నాడు. చివరికి కంప్యూటరు ఆపి, దానికి దణ్ణం పెట్టి, తన జంధ్యానికి తగిలించుకున్న పిన్నీసు తీసిచ్చాడు. దేవానందం నేలమీద బోర్లా పడుకుని కుంకుమ గీకాడు. తుమ్ములొచ్చాయి. కేబులు గుచ్చి, మిషను మళ్ళీ వేయిస్తే, తెర మీద చుక్క కూడా పడలేదు.

తప్పెక్కడో కాసేపటికి తట్టింది. ఈ పెట్టె మాట్లాడే తీగను ఆ పెట్టె మాట్లాడే తీగకే కలిపాడు. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే గానీ వినేవాడు లేడు. ఇంట్లో రోజూ చూస్తున్నదే కదా, ఎందుకు తట్టలేదా అని తనను తాను తిట్టుకుంటూ తీగలు మార్చి అతికాడు. పెట్టెలో బ్యాటరీ గుర్తు సగానికి పడిపోయింది.

ఈసారి వచ్చింది. అయితే అల రాలేదు. కొక్కేలూ, సున్నాలూ, ప్రశ్నార్థకాలూ తెర నిండా పరుగెత్తాయి. ప్రింటరు కీచుమంటూ అదే చెత్తను మూరల కొద్దీ కక్కసాగింది.

"ఏందిది? ఏ భాషయ్యా ఇది?" ధనుంజయరావు గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

"వేగం కుదరలా సార్. అది గబగబా చెప్తోంది, ఇది అందుకోలేకపోతోంది. ఒక్క నిమిషం..."

"బొట్టు చెరపొద్దని చెప్పానా, లేదా!" అంటూ ఆయన ఉత్తి కాళ్ళతో బయటికి పరుగెత్తాడు. వరండాలో ప్యూను కోటిలింగం ఎదురైతే, "కంప్యూటరు నా చెయ్యి దాటిపోయిందిరా!" అని గోడకు చేరగిలబడ్డాడు. కంప్యూటరంటే ఏమిటో కోటిలింగానికి తెలియదు. బాయిలరు చెయ్యి దాటితే ఏమవుతుందో మాత్రం తెలుసు. గేటు దాకా లగెత్తి, "పేలిపోద్దంట!" అని వాచ్‌మన్ మస్తానయ్యకు చెప్పాడు. మస్తానయ్య సైరను మీట నొక్కేశాడు.

వేళ కాని వేళ సైరను మోగిందంటే ఆ ఫ్యాక్టరీలో ఒకటే అర్థం, ఎవరో పోయారని. కొత్త మోటారు మీద నడుస్తున్న కొలిమి ఆపేశారు. క్వారీలో పని ఆగిపోయింది. కాలనీ ఆడవాళ్ళు ఎవరి మొగుడో తెలియక అందరూ ఏడుస్తూ వచ్చారు. గేటు దగ్గర దయామణికి ఎవరో "కంప్యూటరు గదిలో, దేవానందం" అని సగం చెప్పారు. ఆమె "ఓరి దేవుడో!" అని గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. వెనకాలే బాలశౌరి. విచారణ గదిలోంచి ఆఫీసరు కూడా లేచి వచ్చాడు.

లోపల దేవానందానికి సైరను వినపడకపోలేదు. ఎవరో పోయారే పాపం అనుకున్నాడు గానీ, బ్యాటరీ పోతోందన్న బాధ అంతకన్నా ఎక్కువగా ఉంది. వేగం మార్చాడు. ప్రింటరు ఒక్క క్షణం ఆగి, ఈసారి నెమ్మదిగా, వరసగా గీయడం మొదలుపెట్టింది. ఒకటే తీరుగా అలలు, మధ్యలో ఒక పెద్ద గొయ్యి, ఆ వెంటనే ఒక శిఖరం, కింద తేదీ, టైము. దేవానందం కాగితం చింపేసరికి గది నిండా జనం.

"బతికే ఉన్నారా!" అంది దయామణి.

"ఉన్నానే! ఇదిగో మీ తమ్ముడి ఉద్యోగం!" అని కాగితాన్ని ఆఫీసరు చేతిలో పెట్టాడు. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆఫీసరు కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"కరెంటు దెబ్బకే కాలింది, నిజమే. అయితే బాలశౌరి తప్పేమీ లేదు."

"స్తోత్రం తండ్రీ!" అని దయామణి చేతులు జోడించింది.

"ఈ డబ్బాను ఎక్కడ తగిలించావు?"

"ఆ మోటారు ప్యానెల్‌కే సార్. అది కాలడానికి రెండు రోజుల ముందు."

"ఎవరి పర్మిషన్‌తో?"

దేవానందం పెట్టెను చంకలోకి లాక్కున్నాడు.

"అంటే, ఇన్నేళ్ళూ కాలని మోటారు, నువ్వీ డబ్బా తగిలించాక కాలింది!"

"సార్, ఇది చూడటమే గానీ ఏమీ చెయ్యదు సార్..."

"అది విచారణలో చెప్పుకో." ఆఫీసరు బాలశౌరి వైపు తిరిగాడు. "ఇది పెట్టినట్టు నీకు తెలుసా?"

బాలశౌరి బావ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "నాకేం తెలుసు సార్! తెలిస్తే పెట్టనిస్తానా? బావయినా సరే, నాకు కంపెనీ తర్వాతే ఎవరైనా," అన్నాడు.

దేవానందానికి ఏడుపొచ్చింది. అంతమందిలో ఏడవలేక కేబులు చుట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా బాలశౌరికి డ్యూటీ ఆర్డరూ, దేవానందానికి సస్పెన్షను ఆర్డరూ ఆ ప్రింటరే కొట్టిచ్చింది. రెండూ శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా వచ్చాయి.

"వాడు పసివాడు, బెదిరిపోయాడు," అంది దయామణి ఇంటికొచ్చాక. "మీరన్నా ఓర్చుకోవాల." అన్నం వడ్డిస్తూ మెల్లగా అంది, "సోమవారం మీ విచారణకి సాచ్చిగా వాణ్ణి రమ్మన్నారంట. పాపం, ఆఫీసరు ముందు నిలబడటానికి వాడికి మంచి చొక్కా కూడా లేదు."

సాక్షికి దేవానందం చొక్కా కుట్టించినట్టే సరిపోయింది.