ఆరు తీగల కొసరు

ప్రతి ఇంట్లోనూ ఒక పన్నెండు తీగల గిటారు ఉండి తీరాలి. ఫ్రిజ్ లేకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఉండాలి!

నవ్వకండి. తాళాలు, గడియలు, కుళాయిలు అమ్ముకునే మనిషికి సంగీతం గొడవ ఎందుకంటారేమో. నాకు సంగీతం తెలియదు, నిజమే. సరుకు తెలుసు. కొన్న వస్తువు ఇంటికి ఏం తెచ్చింది, ఇంట్లోంచి ఏం పట్టుకుపోయింది అన్న లెక్క తెలుసు. ఆ లెక్కే మీ ముందు పెడుతున్నాను.

మా ఆవిడ అడిగింది మామూలు గిటారు. పెళ్లికి ముందు వాళ్లక్క పాడుతుంటే తను వాయించేదట. ఆ అక్కకి, అంటే మా వదినకి, గొంతులో గడ్డ తేలింది. నెలాఖరుకి ఆపరేషన్ అన్నారు. ఆ తర్వాత మాట వస్తుంది గానీ పాటకి హామీ ఇవ్వలేనన్నాడు డాక్టరు.

"ఈలోగా ఒక్కసారి, ఆ పాత పాట ఒక్కటి పాడుకుంటామండీ. ఆరు తీగలది, సాదాది చాలు. తెస్తారా?" అంది మా ఆవిడ.

సాదాది! ఆ మాటతో నా కొట్లోకి వచ్చినవాడు ఆ సరుకుతో బయటికి వెళ్లిన దాఖలా ఉందా? తలుపుకి ఒక్క గడియ చాలన్నవాడికి మూడు గడియలు, ఒక గొలుసు, బయటికి చూసే గాజు కన్ను కలిపి సెట్టుగా అంటగడతాను. కుళాయి అడిగినవాడు షవరు మోసుకుంటూ వెళతాడు. అలాంటి నేను పోయిపోయి సాదాది కొంటానా?

వాద్యాల దుకాణంలో రెండు రకాలూ గోడకి పక్కపక్కనే వేలాడుతున్నాయి. పన్నెండు తీగలదాని ధర ఆరు తీగలదానికి రెట్టింపు కూడా లేదు! తీగకి ఎంత పడుతుందో మనసులోనే భాగించి చూశాను. ఇంకేముంది? అసలుతోపాటు ఆరు తీగలు కొసరు! కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని ఊరికే అన్నారా?

అయినా బేరమాడకుండా కొంటే రాత్రి నిద్ర పడుతుందా? దాని తలకాయ పరిశీలించాను. మామూలు గిటారుకి తల నిండు చెక్క. దీనికి మాత్రం తల మధ్యలో రెండు పొడుగాటి కంతలు కోసేశారు. తీగలు ఆ కంతల్లోకి దిగి, లోపలున్న అడ్డకడ్డీలకి చుట్టుకుంటాయి. బిగించే మరలేమో వెనక్కి తిరిగి ఉన్నాయి.

"ఇంత చెక్క తీసేశారు కదా, ఆ మేరకి తగ్గించండి," అన్నాను.

"అయ్యో సార్! ఆ కంతలకే ధర ఎక్కువ," అన్నాడు దుకాణదారు.

"లేని చెక్కకి డబ్బులేంటయ్యా?"

"టోన్ సార్, టోన్!"

ఆహా! ఇన్నేళ్లుగా ఉన్న ఇనుమునే అమ్ముతూ బతికాను. లేనిదానికి ధర కట్టవచ్చని ఒక్కనాడైనా తట్టిందా? ఎదురుగా నిలబడినవాడు దుకాణదారు కాదు, గురువు! గురుదక్షిణ సమర్పించి గిటారు చంకన పెట్టుకుని వచ్చేశాను.

మా ఆవిడ దాన్ని చూసింది. తీగలు లెక్కపెట్టింది. నన్ను చూసింది.

"ఆరు చాలన్నాను కదండీ."

"మిగతా ఆరూ దాదాపు ఉచితం!" అన్నాను. ఉచితం అన్న మాటకి ఎదురు చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు. తను మరలు తిప్పడం మొదలుపెట్టింది.

ఇక దీని మేళ్లు వినండి. ఈ తీగలు జతలు జతలుగా ఉంటాయి. లావుదాని పక్కన సన్నది. ఒకదాన్ని బిగిస్తే ఇంకొకటి సడలుతుంది. పన్నెండోది దారికొచ్చేసరికి మొదటిది అలిగి కూర్చుంటుంది. ఆరు జతల తోడికోడళ్లని ఒకే వంటింట్లో పెట్టినట్టే! ఇంతకు మించిన సహన శిక్షణ ఏ ఆశ్రమంలో ఇస్తారు చెప్పండి?

చుట్టాల బెడదకీ ఇదే మందు. "ఏదమ్మా, ఒకటి వాయించు," అంటారు వచ్చినవాళ్లు. "ఒక్క నిమిషం, శ్రుతి చేస్తున్నా," అంటుంది మా ఆవిడ. టింగ్. టింగ్. టింగ్. కాసేపటికి వాళ్లే లేచి చెప్పులు వెతుక్కుంటారు. కుక్కని పెంచితే తిండైనా పెట్టాలి, దీనికి ఆ ఖర్చూ లేదు!

ఉచిత విజ్ఞానం మాట సరేసరి. మా పైవాటాలో ఒకాయన ఉన్నాడు. టోన్ మాస్టారు అని మేం పెట్టుకున్న పేరు. గిటారు వచ్చిందన్న వాసన తగలగానే దిగి వచ్చాడు. తీగ కంతలోకి ఏ వాలున దిగాలి, ఆ వాలు వల్ల నాదం ఎంత నిండుగా వస్తుంది అని మధ్యాహ్నం భోజనం చల్లారేదాకా చెప్పాడు.

"మీరు బాగా వాయిస్తారనుకుంటాను," అన్నాను.

"ఛ ఛ! నా దగ్గర ఇలాంటివి మూడున్నాయి. తేమ తగలకూడదని బీరువాలో పెట్టి తాళం వేశాను."

ఆ తాళం నా కొట్లోదే. ఏడు లివర్లది. ఒక లివరు సరిపోయేది, నేనే ఒప్పించాను.

ఇంతలో వదిన వచ్చింది. హాస్పిటల్లో చేరేముందు మూడు సాయంత్రాలు మా దగ్గర ఉంటానంది. మొదటి సాయంత్రం సోఫాలో కుదురుగా కూర్చుని గొంతు సవరించుకుంది. మా ఆవిడ మరలు తిప్పుతోంది. కాఫీ చల్లారింది. మళ్లీ పెట్టిన కాఫీ కూడా చల్లారింది. వదినకి ఆవులింతలు మొదలయ్యాయి.

రెండో సాయంత్రం శ్రుతి కుదిరినట్టే కుదిరి, అన్నిట్లోకీ సన్నటి తీగ ఠప్పున తెగింది. కొత్తది ఎక్కించాలి. కంతలో వేలు పడితే తీగ పట్టదు, తీగ పడితే వేలు పట్టదు. నేను టార్చి పట్టుకున్నాను. తీగ కొస గుచ్చుకుని మా ఆవిడ వేలికి నెత్తురొచ్చింది.

"మరిదిగారూ, ఇది గిటారా, మీ కొట్లో తాళమా? లోపలికి పోయింది బయటికి రావడం లేదు," అంది వదిన.

దీన్నీ మేలుగానే చూడాలి. డాక్టరు గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నాడు. ఈ గిటారు రెండు సాయంత్రాలు సంపూర్ణ విశ్రాంతి ఇచ్చింది! ఏ మందుల షాపులో దొరుకుతుందండీ? పడుకోబోయే ముందు వదిన గుమ్మంలో నిలబడి చిన్నగా ఒక కూనిరాగం తీసి, ఎవరైనా విన్నారేమోనన్నట్టు ఆపేసింది. మా ఆవిడ విన్నది. మర తిప్పుతూ తల ఎత్తలేదు.

మూడో సాయంత్రం మా ఆవిడ కిందికి, కొట్లోకి వచ్చింది. బేరం మధ్యలో ఉన్నాను. ఎవరినీ అడక్కుండా గోడకున్న తీగలు కోసే కటింగ్ ప్లేయరు తీసుకుంది.

"ఎందుకది?"

"మీ కొసరు కొయ్యడానికి."

బేరం వదిలేసి షట్టరు దించి పైకి పరిగెత్తాను. అప్పటికే సన్న తీగల మరలు వదులు చేసి ఒక్కొక్కటే కత్తిరిస్తోంది.

"అయ్యో, కొత్త సరుకే!"

"పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డం వస్తున్నారు."

ఆరు తీగలు నేల మీద చుట్టలు చుట్టుకుని పడ్డాయి. నేను వాటిని ఏరుకునేలోపే మిగిలిన ఆరూ శ్రుతిలోకి వచ్చేశాయి. మా ఆవిడ వాయించింది. వదిన పాడింది.

నాకు సంగీతం తెలియదని మొదటే చెప్పాను కాబట్టి ఎలా ఉందో చెప్పను. ఒకచోట వదిన గొంతు జీరపోయింది. ఆ ముక్క మా ఆవిడ అందుకుని పాడింది. కింద ఎవరో షట్టరు కొడుతున్నారు. గిరాకీ వచ్చినా నేను లేవలేదు.

పాట అయిపోయింది.

"వదినా, ఇంకొక్కటి," అన్నాను.

ఆవిడ గొంతు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "పాడదామనుకున్నది ఒక్కటే మరిదిగారూ. కొసరు లేదు."

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. వదినకి మాట వచ్చింది. నన్ను ఆడిపోసుకోవడానికి ఆ మాట చక్కగా సరిపోతోంది. అంతవరకే వచ్చింది.

కాబట్టి పాఠకులారా, మొహమాటపడకండి, పన్నెండు తీగలదే కొనండి! నా దగ్గర కోసిన తీగలు ఆరు ఉన్నాయి, ఎప్పుడూ పాట ఎరగనివి. వాటికి బదులుగా ఆ రెండు సాయంత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే కొట్టుకి పట్టుకురండి. బేరమాడను.