మూతలు చేసే మిషన్‌కి మూతెందుకు?

చెవులు బాగా పనిచేయడం ఒక జబ్బు. అది చాలామందికి ఉంది. పాపం, మీకు కూడా ఉండే ఉంటుంది.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ఏడో తరగతి తప్పిన రోజే బడికో దండం పెట్టి వచ్చేశాను. కాకపోతే ముప్పై ఒక్క ఏళ్ళుగా రెండో నంబరు ప్రెస్సు ముందు నిలబడి డబ్బాలకి రేకు మూతలు కొడుతున్నాను. నిమిషానికి నలభై దెబ్బలు. ఒక్కో దెబ్బకీ కాళ్ళకింద నేల అదిరి మోకాళ్ళదాకా వస్తుంది. ఈ విషయంలో నాకంటే చదువుకున్నవాడెవడైనా ఉంటే రమ్మనండి, వాదించుకుందాం. వాడు చెప్పేది ఎలాగూ నాకు వినపడదు కాబట్టి గెలుపు నాదే.

అసలు వినికిడి వల్ల మనిషికి ఒరిగిందేమిటి? బస్సులో పక్కవాడు ఫోను పెద్దగా పెట్టుకుని ముప్పై సెకన్లకో వీడియో మారుస్తాడు. మీరు పళ్ళు నూరుకుంటారు. నేను కిటికీలోంచి చెట్లు చూసుకుంటాను. వెనకనుంచి ఎవడో హారన్ మీద చెయ్యి వేసి తియ్యడం మర్చిపోతాడు. మీకు రక్తపోటు. నాకు ప్రకృతి! మా మేడమీద వాళ్ళ పిల్లాడు రెండేళ్ళుగా వేణువు నేర్చుకుంటున్నాడట. మా ఆవిడ చెవులకి దిండు కట్టుకుని కూర్చుంటుంది. నా లెక్క ప్రకారం వాడింకా మొదలుపెట్టలేదు.

ఈ భాగ్యం ఎలా కలుగుతుందో ఒకసారి చెవి డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. చెవి లోపల నత్తగుల్లలాంటిది ఒకటుంటుందట. దాన్నిండా కంటికి ఆననంత సన్నటి వెంట్రుకలు, వేలకి వేలు. చప్పుడొస్తే గాలికి గడ్డి ఊగినట్టు ఊగుతాయట. పెద్ద మోతొస్తే పడుకుంటాయి, కాస్త విశ్రాంతి దొరికితే లేస్తాయి. రోజూ తొక్కుతూ పోతే ఒకనాడు ఇక లేవవు. మళ్ళీ మొలవవు. వయసు కూడా ఇదే పని చేస్తుందట గానీ, అది తాపీ మనిషి, ఒక్కొక్కటే పీక్కుంటూ వస్తుంది. ఎవరు పీకినా ముందు పోయేవి సన్నటి చప్పుళ్ళు పట్టుకునేవే. అంటే దోమ, పిట్ట, ఫోను గంట, ఆడవాళ్ళ గొంతు, పసిపిల్లల ఏడుపు.

ఇక్కడ కంపెనీ గొప్పతనం గమనించాలి. వయసు డెబ్బై ఏళ్ళకి చేసిపెట్టే పనిని కంపెనీ నలభైకే పూర్తిచేసి ఇచ్చింది. ఇంత తొందరగా పనయ్యే చోటు ఇంకెక్కడైనా చూశారా?

పైగా ఎంత మర్యాద! తలమీద జుట్టు ఊడితే ఊళ్ళో ప్రతివాడూ పలకరిస్తాడు. చెవిలో జుట్టు ఊడితే మూడో కంటికి తెలియదు.

కుటుంబానికీ లాభమే. మా ఇంట్లో రహస్యాలు లేవు. మా ఆవిడ నాతో, "ఆ నీలం చొక్కా చంకలో చిరిగింది, వేసుకోకండి" అంటే, సందు చివర దర్జీ సూదిలో దారం ఎక్కిస్తాడు. నేను ప్రెస్సు షాపుకి గొడుగు మర్చిపోయి వెళ్తే ముగ్గురు పొరుగువాళ్ళు గుర్తుచేస్తారు. ఇంత దగ్గరితనం ఏ వీధిలో ఉంది?

ఇక స్నేహం. మొదటి నంబరు ప్రెస్సు మీద ఉండేవాడిని అందరూ రేడియో అంటారు, నోరు మూతపడదు కాబట్టి. వాడు నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్క మిషన్ల వరస అంతే. వాడు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది వాడికి వినపడదు. ఇద్దరం తలలూపుకుంటాం. ముప్పై ఏళ్ళలో ఒక్క పోట్లాట లేదు. దేశాల మధ్య చర్చలు కూడా ప్రెస్సు షాపులో పెట్టుకుంటే బాగుండును.

కంపెనీ జాగ్రత్తలు తీసుకోలేదని మాత్రం అనకండి. చెవుల్లో పెట్టుకోమని స్పాంజి బిరడాలు ఇస్తారు. "మీ చెవులు, మీ బాధ్యత" అని గోడకి బోర్డు కూడా కట్టారు. మేమే పెట్టుకోం. ఎందుకంటే మూత కొట్టే అచ్చు, మేం డై అంటాం దాన్ని, బీటలిచ్చేముందు మిషన్ చప్పుడు మారుతుంది. ఠంగుమనేది కాస్తా ఠప్పుమంటుంది. ఆ తేడా పట్టుకోకపోతే డై పగిలి ముక్క వచ్చి మీద పడుతుంది. రేడియోకి ఎడమచేతి చిటికెన వేలు లేదు, ఆ రోజు బుద్ధిగా బిరడాలు పెట్టుకున్నాడు మరి. అందుకని వేళ్ళు కాపాడుకోవడానికి చెవులిచ్చాం. ఇప్పుడు ఆ తేడా కూడా వినపడదనుకోండి. మిషన్ మీద అరచెయ్యి పెట్టి నాడి చూసినట్టు చూస్తాను.

అందరూ ఇంత సుఖంగా ఉండగా ఏడాదికోసారి ఒక గండం వచ్చేది. వినికిడి పరీక్ష.

టెలిఫోను బూత్‌లాంటి పెట్టెలో కూర్చోబెట్టి తలకి హెడ్‌ఫోన్స్ తగిలిస్తారు. చేతికి ఒక బటన్ ఇస్తారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. ఫెయిలైతే ప్రెస్సు మీదనుంచి తీసి ప్యాకింగ్ షెడ్డుకి పంపిస్తారు. ప్యాకింగ్ తప్పు పనేం కాదు. కానీ ముప్పై ఏళ్ళు ప్రెస్సు నడిపిన మేస్త్రీని అట్టపెట్టెలకి టేపు అంటించుకోమంటే, ఎద్దుని తీసుకొచ్చి ముగ్గులు వెయ్యమన్నట్టు ఉంటుంది.

దానికి విరుగుడు కనిపెట్టినవాణ్ణి నేనే. గొప్పలు చెప్పుకోవడం నాకిష్టం ఉండదు గానీ, ఇది నా వల్లే జరిగింది. పెట్టెకి ఒక అద్దం కిటికీ ఉంది. బయట నర్సమ్మ కూర్చుంటుంది. ఆవిడ చప్పుడు వదలడానికి మీట నొక్కినప్పుడల్లా కుడి మోచెయ్యి ఒక్క వేలెత్తు పైకి లేస్తుంది. అంతే, ఆ మోచెయ్యి చూసి బటన్ నొక్కడమే. సూటిగా చూడకూడదు, గోడ గడియారం చూస్తున్నట్టుండాలి. వెంటనే నొక్కకూడదు, దూరంనుంచి ఏదో విన్నట్టు కాస్త కనుబొమలు ముడిచి నొక్కాలి. నాలుగింటికి ఒకటి వదిలెయ్యాలి, లేకపోతే దిష్టి తగులుతుంది.

ఈ విద్య అందరికీ నేర్పాను. రేడియోకి మాత్రం పూర్తిగా అబ్బలేదు. నర్సమ్మ టీ గ్లాసు ఎత్తితే నొక్కాడు. దోమ కుడితే గోక్కుంది, అప్పుడూ నొక్కాడు. భోజనాలలోపు అరవైమందిని పూర్తిచెయ్యాలని ఆవిడ తొందర. ఇంకా వదలని చప్పుళ్ళు కూడా వాడికి వినపడుతున్నట్టు రాసుకుని పంపేసింది.

ఆ కాగితాలన్నీ కలిపి మేనేజరు గదిలో ఒక చార్టు గీయించి తగిలించారు. మా షాపు వినికిడి ఏటికేడాదీ పెరుగుతోంది. కొత్తగా చేరినవాళ్ళకంటే యాభై దాటినవాళ్ళకి బాగా వినపడుతోంది. అనుభవం ఊరికే పోతుందా!

చిక్కంతా మా అమ్మాయి వల్ల వచ్చింది.

దానికి ఇరవై రెండేళ్ళు. మిషన్ల పని నేర్చుకుని మా కంపెనీకే అర్జీ పెట్టింది. ప్రెస్సు మీద ఖాళీ వస్తే నీకే మొదటి పిలుపు అన్నారు. దాని చెవులు చూడాలి మీరు. నా స్కూటరు సందు మలుపులో ఉండగానే ఇంట్లోంచి, "నాన్న బండికి వెనక బేరింగ్ పోతోందమ్మా" అంటుందట. ఇంటి చివర కొళాయి కారుతుంటే నిద్రలోంచి లేచి కట్టేస్తుంది. అలాంటి జబ్బుమనిషికి మా షాపులో మంచి వైద్యం జరుగుతుందని నేను సంతోషించాలి కదా? ఏమో, నాకు సంతోషం రాలేదు. బుద్ధి గడ్డి తిన్నదనుకోండి.

మిషన్ల కంపెనీవాళ్ళ పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ప్రెస్సు చుట్టూ స్పాంజి అతికించిన పెట్టె, ముందు అద్దం తలుపు. మోత లోపలే ఉండిపోతుంది. డై బీటలిస్తే చెప్పడానికి ఒక ఎర్రదీపం కూడా ఉంది. అమ్మాయికి పిలుపు వచ్చేలోగా అది పెట్టించాలని అర్జీ రాయించాను. పద్దెనిమిదిమంది సంతకాలు పెట్టారు.

మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు. నా ముఖంలోకి చూస్తూ మాట్లాడతాడు కాబట్టి పెదాలు బాగా అందుతాయి.

"మూతలు చేసే మిషన్‌కి మూత అడుగుతున్నావా మేస్త్రీ?" అని నవ్వాడు. తర్వాత ఫైల్లోంచి నా కాగితం తీశాడు. "ఇదెవరిది?"

"నాదే సార్."

"ఇరవై ఏళ్ళవాడి చెవులయ్యా నీవి. ముప్పై ఒక్క ఏళ్ళు దాని పక్కన నిలబడ్డా ఇంత బాగున్నాయంటే, ఇంక పెట్టె దేనికి చెప్పు?"

కింద సంతకం నాదే.

టీ వేళ అందరినీ కూర్చోబెట్టి, ఈసారి నిజం చెప్పేద్దాం, కళ్ళు మూసుకుని పరీక్షకి కూర్చుందాం అన్నాను. నేలచూపులు చూశారు. రేడియో లేచి నా చెవి దగ్గరికొచ్చి అరిచాడు.

"నీ కూతురి చెవులకోసం మేమంతా టేపులు అంటించుకోవాలా బావా? నా కొడుకు చదువు ఇంకా రెండేళ్ళుంది."

వాడు చెప్పింది మొదటిసారి పూర్తిగా వినపడింది. తప్పేం చెప్పాడని? వాణ్ణి తయారుచేసినవాణ్ణి నేనే కదా.

ఒక్కణ్ణే వెళ్ళాను. మళ్ళీ పరీక్ష చెయ్యమని నర్సమ్మని అడిగి, పెట్టెలో కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. బతుకులో అంత ప్రశాంతంగా ఎప్పుడూ కూర్చోలేదు. ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నాను, ఆవిడొచ్చి భుజం తట్టింది. అయిపోయిందట.

ఆవిడ నా ఎదురుగా వంగి మెల్లగా అడిగింది. "ఎన్నాళ్ళనుంచి బాబాయ్?"

"మీరు ఇక్కడ చేరకముందునుంచేనమ్మా. మీ చెయ్యి చూసి నొక్కేవాణ్ణి."

ఆవిడ తన మోచెయ్యి వైపు ఒకసారి చూసుకుంది. ఉన్నదున్నట్టు రాసింది, చల్లగా ఉండాలి.

కంపెనీ నిద్రపోలేదు. మూడో రోజుకల్లా తీర్పు ఇచ్చింది. మేనేజరు పాపం నన్ను కూర్చోబెట్టి వివరించాడు.

"మోత వల్లే అయితే మిగతా యాభై తొమ్మిదిమందికీ రావాలి కదా మేస్త్రీ? వాళ్ళ చెవులు చూడు, భేషుగ్గా ఉన్నాయి. నీది వయసు. ఎవరికైనా తప్పదు."

మరి కాగితాల ప్రకారం అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు సబబే. మూతా లేదు, ఎర్రదీపమూ లేదు. చెవులు సరిగా లేని మనిషి ప్రెస్సు మీద ఉండటం ప్రమాదమని నన్ను మాత్రం ప్యాకింగ్ షెడ్డుకి పంపించారు. ఆ విధంగా రెండో నంబరు ప్రెస్సు మీద ఒక ఖాళీ వచ్చింది.

ఖాళీ వస్తే మొదటి పిలుపు ఎవరికన్నారో చెప్పాను కదా. కంపెనీ మాట తప్పలేదు.

వెళ్ళొద్దన్నాను. "నువ్వు ముప్పై ఏళ్ళు నిలబడ్డ చోటే కదా నాన్నా, దూది పెట్టుకుంటాలే" అంది. డై సంగతి చెప్పాను, దూది పెట్టుకోవద్దని కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి అయ్యా, అమ్మా, కంపెనీని ఎవరూ ఆడిపోసుకోకండి. నా గోడు విన్నారు. ఆ మిషన్ దగ్గర చెవులు పాడైన మనిషి ఉండకూడదని ఒప్పుకున్నారు. ఇప్పుడక్కడ బంగారంలాంటి చెవులున్న మనిషి నిలబడుతోంది. వినికిడి జబ్బుకి ఇంతకంటే మంచి ఆస్పత్రి ఏముంటుంది?

నిన్నటికి దాని మొదటి వారం పూర్తయింది. షిఫ్టు దిగి వచ్చి వంటింట్లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. నేను ముందుగదిలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాను. మా అమ్మాయిది మెత్తటి గొంతు. ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తే తప్ప, ఆరేళ్ళుగా దాని మాట ఒక్కటీ నాకు అందలేదు. నిన్న గోడ అవతలనుంచి ప్రతి మాటా అందింది.

"పక్కనే ఉన్నానుగా, ఎందుకే అలా అరుస్తావు?" అంది వాళ్ళమ్మ.

"నేనెక్కడ అరుస్తున్నానమ్మా?" అంది.

అది కూడా నాకు వినపడింది.