ఈగ వాలని సెంటరు

"కాపీ కొట్టించిన బడికి ఇక పరీక్షా కేంద్రం ఉండదు!" అని విద్యామంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవారు పాత బడి హెడ్మాస్టరుగారు. ఆయన హాల్లో ఈగ కూడా పక్కవాడి పేపరు మీద వాలదని పిల్లలు చెప్పుకునేవారు. ఆ పేరొక్కటే ఆయన ఆస్తి. వచ్చే వేసవిలో రిటైరై, దాన్ని వెంటబెట్టుకుని ఇంటికి పోదామని ఆశ.

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. వారంలోనే ఊళ్లోని బళ్లన్నిటికీ శిక్ష పడింది, పాత బడికి తప్ప. బెంచీలు మోయించే పని, నీళ్లు పట్టించే పని వాళ్లందరికీ తప్పింది. ఊరి పిల్లలంతా పాత బడికే వచ్చి పరీక్ష రాయాలన్నారు.

"హాళ్లకు మా టీచర్లనే వేస్తానండీ," అన్నారు హెడ్మాస్టరు.

"సొంత బళ్లో సొంత టీచర్లా? రూలు ఒప్పుకోదు," అన్నాడు విద్యాధికారి.

"మరెవరొస్తారు?"

"శిక్ష పడ్డ బళ్లవాళ్లు. సెంటర్లు లేవుగా, ఖాళీగానే ఉన్నారు పాపం."

"దొంగ చేతికి తాళాలిస్తారా?"

"అనుభవం మాస్టారూ, అనుభవం! కాపీ సంగతి వాళ్లకు తెలిసినంత మీకు తెలుసా?"

తెలీదని ఆయన ఒప్పుకున్నారు.

పరీక్షనాడు హెడ్మాస్టరు ప్రశ్నపత్రాల పెట్టె దగ్గర నుంచి కదలకూడదు. అదీ రూలే. గోడ అవతల ఎవరో జవాబులు నిదానంగా, ఒత్తులు పోకుండా చెబుతున్నారు. "మళ్లీ చెప్పండి సార్," అన్నాడొకడు. సారు విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు. ఏడాది పొడవునా అంత ఓపిగ్గా పాఠం చెప్పినవాళ్లు లేరు.

ఉండబట్టలేక ఆయనే స్క్వాడుకు ఫోను చేశారు. స్క్వాడు వచ్చింది, పట్టుకుంది.

"చెప్పినవాడు మా టీచరు కాడు. రాసినవాళ్లు మా పిల్లలు కారు!" అన్నారు హెడ్మాస్టరు.

"గోడలెవరివి మాస్టారూ?" అన్నాడు స్క్వాడు అధికారి.

"మావే."

"కప్పు?"

"మాదే."

"మరి కాపీ జరిగింది ఎవరి బళ్లో?"

హెడ్మాస్టరు జీవితంలో మొదటిసారి జవాబు కోసం పక్కకు చూశారు.

మంత్రిగారు మళ్లీ మైకు పట్టుకున్నారు. "నా చర్యల ఫలితం చూడండి! నిరుడు ఊరంతా కాపీ. ఈ ఏడు ఒకే ఒక్క బడి!" చప్పట్లు మోగాయి. సత్ప్రవర్తన చూపిన మిగతా బళ్లకు సెంటర్లు తిరిగిచ్చేశారు.

మీటింగు నుంచి మెట్లు దిగుతున్న హెడ్మాస్టరు భుజం మీద, అందరికన్నా ముందు శిక్ష పడ్డ ప్రైవేటు బడి యజమాని ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"దిగులు పడకండి మాస్టారూ. వచ్చే ఏడు మీ పిల్లలు మా సెంటర్లోనే రాస్తారు. మా పిల్లల్లాగే చూసుకుంటాం."