పేరు ముందే చెక్కిన కప్పు

ఆ ఆదివారం పొద్దున్న షీల్డుల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి మైదానానికి వెళ్లడం, గంటన్నర ఫుట్‌బాల్ ఆడటం, తొమ్మిదికల్లా కప్పుతో ఇంటికొచ్చి దాన్ని ఫ్రిజ్ మీద పెట్టడం. ఫ్రిజ్ మీదుండే గడియారాన్ని ముందు రోజు సాయంత్రమే కిటికీ గట్టు మీదకి మార్చేశాడు. టేపు పెట్టి కొలత కూడా తీసుకున్నాడు. కప్పుకీ పై అరకీ మధ్య ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంటుంది.

భోజనాల బల్ల దగ్గర ఆయన భార్య తన క్లాసు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను చేతిలో ఉన్నప్పుడు ఆవిడ కన్నుగప్పి ఏ తప్పూ పోలేదు. బల్ల మీదున్న గుడ్డసంచీ మూతి కాస్త తెరిచి లోపలికి చూసింది.

"ఏమండీ, ఈ కప్పు ఎవరికో ఇవాళ ఆటయ్యాక కదా చెప్తారు?"

"అవును. గుమాస్తాగారు చెప్తారు."

"మరి దీని మీద మీ పేరు అప్పుడే ఎక్కిందేం?"

షాపాయన బూటు లేసు కట్టుకోవడంలో మునిగిపోయాడు. "ఎలాగూ చెక్కాల్సిందే కదా అని... మిషనూ ఆన్‌లోనే ఉంది..."

"వేరేవాళ్లకిస్తే?"

"ఎలా ఇస్తారు? పోటీ బుద్ధి లేకపోవడంలో నన్ను కొట్టేవాడు ఆ మైదానంలో లేడు. ఎవడొస్తాడో రమ్మను, చూసుకుందాం!"

ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం చూసి మళ్లీ పేపర్లలోకి తల దించుకుంది. సున్నా వేసేటప్పుడు కూడా ఆవిడ మొహం అలాగే ఉంటుంది.

ఆ కప్పు పుట్టడానికి పెద్ద కథే ఉంది. ఆదివారాలు ఆడే ఆ పన్నెండుమందీ నలభై దాటినవాళ్లు. ఒంట్లో కొవ్వు కరిగించుకుందామని మొదలుపెట్టి, ఒకరి కొవ్వు ఒకరు అణిచే దాకా వచ్చారు. బంతి గీత దాటిందా లేదా అన్న గొడవ మీద మందుల షాపాయనా షీల్డుల షాపాయనా మూడు నెలలు మాట్లాడుకోలేదు. మధ్యలో జ్వరమొస్తే షీల్డులాయన పక్కనే ఉన్న మందుల షాపు దాటుకుని, నాలుగు వీధులవతలకి మూలుగుతూ నడిచి మాత్రలు తెచ్చుకున్నాడు. ఇలా అయితే లాభం లేదని, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరై ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతున్న పెద్దాయన ఒక తీర్మానం రాశాడు. ఇకపై గోల్స్ లెక్కపెట్టకూడదు. అరవకూడదు. గెలిచినట్టు గంతులెయ్యకూడదు. రెండు నెలలయ్యాక, అందరిలోకీ పోటీ లేకుండా, సరదాగా ఆడినవారికి ఒక కప్పు. దాని మీద ఏం రాయాలో కూడా ఆయనే రాసిచ్చాడు: "పోటీ బుద్ధి లేనివారిలో ప్రథముడు". కింద పేరుకి చోటు ఖాళీగా వదలమని మరీ మరీ చెప్పాడు.

చెప్పింది షీల్డులాయనకి. ఇరవై రెండేళ్లుగా ఆయన చేతుల మీదుగా వెళ్లిన కప్పులకి అంతులేదు. చదరంగం, ఈత, వక్తృత్వం, గోనెసంచి పరుగు, దేన్నీ వదల్లేదు. ఒకసారి కుక్కల ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిన కుక్క పేరు కూడా ఎంతో శ్రద్ధగా చెక్కాడు. ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు. కుక్కకి కూడా కప్పుంది, తనకే లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు కానీ, కళ్లలో గిర్రున నీళ్లు తిరిగిన మాట నిజం.

అందుకే శనివారం సాయంత్రం ఆ ఖాళీ చోటు చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. తన పేరులో మొదటి అక్షరం ఎలా ఉంటుందో చూద్దామని చెక్కాడు. బాగుంది. ఒక్క అక్షరమే చెక్కి వదిలేస్తే కప్పు పాడుచేసినట్టవుతుంది కాబట్టి మిగతా అక్షరాలూ చెక్కేశాడు. ఊడదీసి మార్చడానికి రేకు కూడా కాదు, కప్పు పొట్ట మీదే చెక్కాడు. ఇక గెలవడం తప్ప దారి లేదు.

మైదానానికి చేరి, సంచీని గుమాస్తాగారి కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టి చుట్టూ చూసేసరికి షీల్డులాయన గుండెలో రాయి పడింది. మందుల షాపాయన అప్పటికే వచ్చి, అవతలి జట్టువాళ్లందరికీ చల్లటి నీళ్ల సీసాలు పంచుతున్నాడు. అవతలి జట్టంటే షీల్డులాయన జట్టే.

"తీసుకోండి, మీరు బాగా ఆడాలి," అని షీల్డులాయన చేతిలోనూ ఒకటి పెట్టాడు. మాట కంటే ముందు గుమాస్తాగారి కేసి చూశాడు. ఆయన నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు.

ఆట మొదలవడానికే పది నిమిషాలు పట్టింది. టాస్ షీల్డులాయన గెలిచాడు.

"బంతి మీరే తీసుకోండి," అన్నాడు.

"అబ్బే, గెలిచింది మీరు. మీరే కానివ్వండి," అన్నాడు మందులాయన.

"మీకంటే నేనెక్కువా?"

"మీ ముందు నేనెంతండీ?"

బంతి మధ్యలో అనాథలా పడుంది. చివరికి గుమాస్తాగారు విసుగెత్తి కుర్చీలోంచి లేచి, తనే కాలితో తన్ని వెళ్లి కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఫుట్‌బాల్ అని ఎవరూ అనరు. కాలికి బంతి దొరికినవాడల్లా ఎదుటివాడికి అందించి నవ్వుతున్నాడు. అందుకున్నవాడు అంతకంటే వెడల్పుగా నవ్వి తిరిగిస్తున్నాడు. పన్నెండుమందికీ ఆ కప్పు మీద కన్నుందని షీల్డులాయనకి అప్పుడే అర్థమైంది. ఇలాగైతే అందరూ సమానమైపోతారు. మిగతావాళ్లకంటే ఒక మెట్టు ఎక్కువ త్యాగం చెయ్యాలి.

బంతి తీసుకుని ఒక్కడే గోల్ దాకా పరిగెత్తాడు. అక్కడ గోల్‌కీపరు ఆయన సొంత బావమరిది, డ్రైవింగ్ స్కూల్ నడిపే మనిషి. గోల్ అంతా ఖాళీగా ఉన్నా, షీల్డులాయన ఆగి, బంతిని మెల్లగా అతని చేతుల్లోకి దొర్లించి, అందరికీ వినపడేలా, "తీసుకో, నాకు గోల్ ముఖ్యం కాదు," అన్నాడు.

బావమరిది బంతి అందుకుని, వెనక్కి తిరిగి, దాన్ని తన గోల్‌లోనే వేసేశాడు.

"గోల్ బావా! మీదే! బ్రహ్మాండం!" అని చప్పట్లు కొట్టాడు.

"ఒరేయ్, నేనిచ్చింది నువ్వు పట్టుకోడానికి!"

"నేను వేసింది మీకోసం బావా!"

"నా త్యాగాన్ని చెడగొట్టడానికి వేశావు! మీ అక్కతో చెప్తానుండు!"

"బాబూ, గొంతు," అన్నాడు గుమాస్తాగారు నోట్‌బుక్కులోంచి తలెత్తకుండా. షీల్డులాయన గొంతు అక్కడే ఆగిపోయింది. రెండు నెలలుగా అరుపొచ్చినప్పుడల్లా ఆయన జేబురుమాలు నోట్లో కుక్కుకుంటున్నాడు. ఇవాళ కూడా తీసి కుక్కుకున్నాడు.

పది నిమిషాలకి మందులాయనా ఆయనా ఒకే బంతి కోసం వెళ్లారు, ఒకరికొకరు ఇచ్చుకోవడానికి. ఇద్దరి కాళ్లూ మెలికపడి ఇద్దరూ దబ్బున పడ్డారు.

"తప్పు నాది," అన్నాడు మందులాయన వెంటనే. "ఫౌల్ నా మీద రాసుకోండి గుమాస్తాగారూ."

షీల్డులాయన రుమాలు తీసి, "కాదు కాదు, నాది. నా కాలే తగిలింది," అన్నాడు.

"మీ కాలు తగల్లేదండీ."

"తగిలిందన్నానా!"

"నాకు తెలీదా? నా మోకాలు కదా!"

"నీ మోకాలికి నా కాలే తగిలిందయ్యా! ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఎందుకు ఒప్పుకోవాలి? తప్పంతా నువ్వే కొట్టేద్దామనా? నాకంటే మంచివాడివా నువ్వు?"

మర్యాదలు ఎప్పుడు జారిపోయాయో ఇద్దరికీ తెలీదు. కాలర్లు పట్టుకున్నారు. విడదియ్యడానికి పదిమందీ పరిగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు విడదీసిన పుణ్యం తమకే దక్కాలని ఆ పదిమందీ ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. ఆ తోపులాట మెల్లగా జరిగి జరిగి గుమాస్తాగారి కుర్చీ దాకా వెళ్లింది. కుర్చీ ఒరిగింది. గుమాస్తాగారిని ఎవరో పట్టుకున్నారు కానీ, కింది సంచీని ఎవరూ పట్టుకోలేదు. కప్పు సంచీలోంచి బయటపడి, గడ్డిలో దొర్లుకుంటూ వెళ్లి, సరిగ్గా మందులాయన బూటుకి ఆనుకుని ఆగింది.

ఆయన తీసి పైకే చదివాడు. "పోటీ బుద్ధి లేనివారిలో ప్రథముడు..." తర్వాత పేరు చదివాడు. తలలన్నీ షీల్డులాయన వైపు తిరిగాయి.

"అది శాంపిల్," అన్నాడు షీల్డులాయన నీళ్లు నములుతూ.

"అవునవును, శాంపిలే," అని బావమరిది ఆదుకోబోయాడు. "నిన్న అక్క ఫోన్లో చెప్పింది, ఫ్రిజ్ మీద చోటు కూడా శాంపిల్‌గానే ఖాళీ చేశారట."

షీల్డులాయనకి తల కొట్టేసినట్టయింది. పన్నెండేళ్లుగా కలిసి ఆడుతున్నవాళ్ల మొహాల్లోకి చూడలేక, గడ్డి కేసి చూస్తూ నిలబడ్డాడు. గుమాస్తాగారు కుర్చీ సర్దుకుని, కప్పు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పేరున్నంత మాత్రాన తీర్పైపోదు. తీర్పు ఇంకా నా దగ్గరే ఉంది. ఇరవై నిమిషాల ఆట మిగిలింది. ఆడండి," అన్నాడు.

"ఆడదాం," అన్నాడు మందులాయన చొక్కా చేతులు పైకి మడుస్తూ. "రెండు నెలలుగా నవ్వీ నవ్వీ నా దవడలు పట్టేశాయి. ఇక నిజంగా ఆడదాం. దమ్ముంటే ఆపు నన్ను!"

"ఆపుతా రా!" అన్నాడు షీల్డులాయన, కప్పు సంగతి ఆ క్షణానికి మరిచిపోయి.

ఆ ఇరవై నిమిషాలు మైదానం పక్క దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. పన్నెండుమందీ గొంతులు చించుకుని అరిచారు. గోల్ వేసినవాడు గంతులేశాడు, తిన్నవాడు నెత్తి బాదుకున్నాడు. లెక్క కూడా మొదలైంది, రెండూ రెండు, మూడూ మూడు, నాలుగూ నాలుగు. బంతి గీత దాటిందా లేదా అని మందులాయనా షీల్డులాయనా మళ్లీ ముక్కూ ముక్కూ ఆనించుకుని అరుచుకున్నారు, అరుచుకుంటూ అరుచుకుంటూ మధ్యలో ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చేసింది. గుమాస్తాగారు తీర్మానం రాసిన కాగితం మడిచి విసనకర్రలా ఊపుకుంటూ వేళ్లతో గోల్స్ లెక్కపెట్టాడు. నిజం చెప్పాలంటే, షీల్డులాయన ఆ రెండు నెలల్లో ఇంత ఆనందంగా ఎప్పుడూ లేడు.

ఇక రెండు నిమిషాలుందనగా ఆయన బంతితో గోల్ ముందుకి దూసుకొచ్చాడు. మందులాయన వెంటపడి బంతి లాగేసుకున్నాడు. ముందు మైదానమంతా ఖాళీ, తన్నుకుంటూ వెళ్తే గెలుపు ఆయనదే. సరిగ్గా అప్పుడు వెనకనించి "అమ్మా!" అని కేక వినిపించింది. షీల్డులాయన కుడి పిక్క పట్టేసి, కింద పడి గిలగిల్లాడుతున్నాడు.

మందులాయన ఆగిపోయాడు. ఎవరు చూస్తున్నారని చుట్టూ చూడలేదు, గుమాస్తాగారి కేసి అసలే చూడలేదు. బంతిని అక్కడే వదిలేసి వెనక్కొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, షీల్డులాయన కాలు ఒళ్లోకి తీసుకుని పిక్క నొక్కడం మొదలుపెట్టాడు.

"కదలకు. గట్టిగా ఊపిరి పీల్చు. పొద్దున్న నీళ్లు తాగమని సీసా ఇచ్చాను కదయ్యా, తాగావా?"

బావమరిది కూడా గోల్ వదిలేసి, "బావా, ఏమైంది బావా?" అంటూ పరిగెత్తుకొచ్చి తల కింద చెయ్యి పెట్టాడు.

వదిలేసిన బంతి వాలుకి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి షీల్డులాయన ఎడమ కాలి దగ్గర ఆగింది. ఎదురుగా గోల్ ఉంది. గోల్‌లో ఎవరూ లేరు. ఆయన బంతిని చూశాడు, గోల్‌ని చూశాడు, తన కుడి కాలు పట్టుకుని శ్రద్ధగా నొక్కుతున్న మందులాయన్ని చూశాడు. ఆ తర్వాత పడుకున్నచోటినుంచే ఎడమ కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"గోల్! అయిదు! అయిదూ నాలుగు!" అని చేతులు రెండూ పైకెత్తి అరిచాడు. మూడు సెకన్లపాటు ఆయనకి లోకమంతా బంగారంలా కనిపించింది. నాలుగో సెకనులో కప్పు గుర్తొచ్చింది.

గుమాస్తాగారు పొడుగ్గా విజిల్ ఊది లేచాడు. నోట్‌బుక్కు తెరవాల్సిన పని కూడా లేకపోయింది. కప్పు తీసుకెళ్లి మందులాయన చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. షీల్డులాయన కూడా, ఒంటికాలి మీద లేచి నిలబడి, కొట్టాడు. కళ్లు చెమర్చాయి కానీ, కాలు నొప్పనుకున్నారు అందరూ. ఇచ్చింది సరైనవాడికేనని అందరికంటే ఆయనకే బాగా తెలుసు, అదే బాధ.

ఇంటికెళ్లేసరికి భార్య పేపర్లు దిద్దడం అయిపోయింది. ఆవిడ ఆయన వట్టి చేతులూ కుంటి నడకా చూసింది. లేచి కిటికీ గట్టు మీది గడియారం తెచ్చి, ఫ్రిజ్ మీద పెట్టి, కాలు కాచుకోడానికి వేణ్నీళ్లు పెట్టింది.

మర్నాడు సాయంత్రం బడినుంచి వస్తూ మందుల షాపులో ఆగొచ్చింది. "కప్పు అద్దాల బీరువాలో, మధ్య అరలో పెట్టాడు. లైటు కూడా పెట్టాడు," అంది. "వచ్చినవాళ్లంతా మీ పేరు చదివి, మీ గురించే అడుగుతున్నారు. కప్పు తనదీ, పేరు తనది కాదూ అని ఆయన చెప్తుంటే ఎవరూ నమ్మట్లేదు. లోపల దాచేద్దామంటే, పేరు చూసి ఓర్వలేక దాచాడంటారని భయమట."

షీల్డులాయన తలనొప్పి మాత్ర ఒకటి తెచ్చుకుంటానని అప్పటికప్పుడే బయల్దేరాడు. ఆయనకి తలనొప్పేమీ లేదు. కౌంటరు ముందు నిలబడి, లైటు వెలుగులో మెరుస్తున్న తన పేరుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏవయ్యా," అన్నాడు మందులాయన మాత్ర అందిస్తూ, "దాని మీద నీ పేరు చెరిపేసి నాది చెక్కవయ్యా, నీకు పుణ్యముంటుంది."

"చెక్కింది చెరగదు. పైన రేకు అతికించి నీ పేరు వెయ్యాలి. తప్పకుండా వేస్తా, అది నీ కప్పే కదా," అన్నాడు షీల్డులాయన చాలా సరదాగా. "ఈ నెల కొంచెం పనుల్లో ఉన్నాను. వచ్చే నెల చూద్దాం."

ఏ సంవత్సరంలో వచ్చే నెలో మాత్రం ఆయన చెప్పలేదు.