దొలోన్ కనుమ మీద నీళ్లడబ్బా

ఆ శనివారం తెల్లవారేసరికే సైరాగుల్ ప్రయాణమంతా కాగితం మీద రాసి పెట్టుకుంది. ఆరింటికి తమ ఊరు నారిన్‌లో బయలుదేరడం, ఎనిమిదికల్లా దొలోన్ కనుమ దాటడం, మధ్యాహ్నానికి సరస్సు చేరడం, ఒక మునక, ఒక కునుకు, సాయంత్రం ఏడింటికి సరస్సు ఒడ్డునే ఉన్న చోల్పోన్-అతా ఊళ్లో కలీపా పాటకచేరీ. కాగితం అడుగున కింద గీత గీసి మరీ ఇంకో మాట రాసింది: దారిలో ఎవరింటి ముందూ ఆగరాదు.

ఆ ఆఖరి మాట భర్త తొలోగోన్ కోసం. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఈ మధ్యనే ఇంట్లో కూర్చున్న మనిషి. ఎవరైనా టీకి పిలిస్తే వద్దనడం ఆయనకు చేతకాదు. పోయినేడాది ఉల్లిపాయల కోసం బజారుకు వెళ్లి మర్నాడు తిరిగొచ్చాడు. దారిలో తెలిసినవాళ్ల ఇళ్లు మూడు తగిలాయట. ఉల్లిపాయలు మాత్రం తేలేదు.

కలీపా పాటంటే సైరాగుల్‌కు ప్రాణం. కొత్త కోడలిగా అత్తగారింట్లో పిండి పిసుకుతూ రేడియోలో మొదటిసారి విన్నప్పటి నుంచీ అంతే. సరస్సుకేమో ఆమె ముప్పై ఏళ్లుగా ప్రతి వేసవీ వెళుతూనే ఉంది. వెళ్లడమంటే ఆడపడుచులు, వాళ్ల పిల్లలు కలిసి పదకొండు మంది, అద్దెకు తీసుకున్న రెండు గదులు, ఒక పొయ్యి. అందరూ ఇసుకలో పడుకుంటే ఆమె సరస్సును వంటింటి కిటికీలోంచి చూసేది. రెండుసార్లు కలీపా అక్కడే, నాలుగు వీధుల అవతలే పాడింది. ఒకసారి చిన్నాడపడుచు బిడ్డకు జ్వరం, ఇంకోసారి పెద్దాడపడుచుకు చేపల పులుసు తినాలని కోరిక. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, వెళ్లమని కూడా ఎవరూ అనలేదు. ఈసారి గోడల మీద అంటించిన కాగితాల్లో వీడ్కోలు కచేరీ అని ఉంది. అందుకే ఆడపడుచులెవరి చెవినీ వేయకుండా మూడు టిక్కెట్లు కొనేసింది.

మూడోది కొడుకు నూర్దీన్‌కి. ఇరవై ఏడేళ్ల వాడు, కరెంటు ఆఫీసులో ఉద్యోగం, ఇంకా పెళ్లి కాలేదు. అతను మాట్లాడడు. మాటలు రాక కాదు, ఆ అవసరం అతనికి ఎప్పుడూ కనబడలేదు.

కనుమ ఎక్కుతుండగా కారు ముందు నుంచి ఆవిరి లేచింది.

"ఆగిపోయిందా?" అని అడిగింది సైరాగుల్.

"ఆగలేదు. దాహమేసింది, అంతే," అన్నాడు తొలోగోన్, ముందు మూత ఎత్తి చూస్తూ. "గుక్కెడు నీళ్లు పోస్తే చాలు. అదుగో గుడారం."

రోడ్డుకు కొంచెం పైన పచ్చికలో తెల్లని కంబళి గుడారాలు నాలుగు ఉన్నాయి. వాటి చుట్టూ గుర్రాలు మేస్తున్నాయి.

"ఏమయ్యా, నువ్వు కారులోనే ఉండు. నేనూ అబ్బాయీ వెళ్లి నీళ్లు తెస్తాం."

"ఆడమనిషివి నువ్వు వెళ్లి అడుగుతుంటే నేను కారులో కూర్చోవాలా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

ముగ్గురూ వెళ్లారు. నూర్దీన్ చేతిలో ఖాళీ నీళ్లడబ్బా ఉంది.

మొదటి గుడారం ముందు వాళ్లకోసమే ఎదురు చూస్తున్నట్టు అందరూ లేచి నిలబడ్డారు. ఇంటాయన దోరోన్‌బెక్ రెండు చేతులతో తొలోగోన్ చేతిని పట్టుకున్నాడు. "నారిన్ నుంచేనా అన్నగారూ?"

"నారిన్ నుంచే."

"అనుకున్నాను. రండి, రండి. ముందు రొట్టె రుచి చూడాలి, తర్వాతే మాటలు."

ఇంటి ముందుకొచ్చి రొట్టె రుచి చూడకుండా వెళ్లడం మా కొండల్లో ఎవరివల్లా కాదు. ఒక్క ముక్క, ఒక్క గిన్నెడు టీ, పది నిమిషాలు అని సైరాగుల్ మనసులో లెక్కేసుకుంది. చేతులు కడుక్కోవడానికి ఇంటి అమ్మాయి ఐకానిష్ చెంబుతో నీళ్లు తెచ్చింది. పశువైద్యం చదువుతున్న పిల్ల, సెలవులకు వచ్చింది. వంగి నీళ్లు పోస్తుండగా ఆమె చెవి లోలాకు ఊడి పళ్లెంలో పడింది. ఏదైనా ఊడితే బిగించకుండా, చిరిగితే కుట్టకుండా ఉండలేని మనిషి సైరాగుల్. లోలాకు తీసి తలగుడ్డ అంచుకు తుడిచి, "ఇటు తిరుగమ్మా," అని అమ్మాయి చెవికి పెట్టి, చక్కగా కుదిరిందో లేదో చూడటానికి గడ్డం పట్టుకుని ముఖం కూడా ఇటూ అటూ తిప్పింది.

అబ్బాయి తల్లి వచ్చి అమ్మాయి చెవికి లోలాకు పెట్టిందంటే మావాళ్లలో ఇక తిరుగులేదు, సంబంధం ఖాయమైనట్టే. ఈ సంగతి సైరాగుల్‌కు బాగా తెలుసు. తెలిసిన సంగతి అవసరమైన క్షణంలో గుర్తురాకపోవడం మనందరికీ ఉన్న జబ్బే.

గుమ్మంలో దోరోన్‌బెక్ తల్లి ఉమ్సున్ నిలబడి ఉంది. డెబ్బై దాటిన ముసలావిడ. ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, దోసిలినిండా మిఠాయిలు తెచ్చి సైరాగుల్ నెత్తి మీద కుమ్మరించింది. పక్క గుడారాల ఆడవాళ్లు పరుగున వచ్చారు.

"బాగా మర్యాద తెలిసినవాళ్లు," అన్నాడు తొలోగోన్, భుజం మీద పడ్డ మిఠాయి నోట్లో వేసుకుంటూ.

అంతలో దోరోన్‌బెక్ ఒక కొవ్విన గొర్రెను గుమ్మం ముందుకు తెచ్చాడు. "అన్నగారూ, దీవించండి."

గొర్రెను చూపించి దీవించమంటే దీవించాలి. దేనికని అడగడం తొలోగోన్ అలవాటు కాదు. చేతులు చాచి, బస్సులో ఆఖరి స్టాపు పేరు అరిచే గొంతుతో, "కడుపు చల్లగా, కలకాలం కలిసిమెలిసి, ఇల్లు నిండా పిల్లలతో," అని నోటికొచ్చిందంతా దీవించేశాడు. అందరూ దీవెన అందుకుంటూ అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. గొర్రెను గుడారం వెనక్కి తీసుకుపోయారు.

తమకోసం కోసిన గొర్రెను వదిలి వెళ్లిపోయిన అతిథి గురించి ఇక్కడ మూడు తరాలు చెప్పుకుంటారు. మాంసం ఉడకడానికి ఎంత లేదన్నా మూడు గంటలు.

"నీళ్లకోసం వచ్చి గొర్రెను కోయించావు," అంది సైరాగుల్ భర్త చెవిలో.

"నేనేం చేశాను? దీవించమన్నారు, దీవించాను. నీళ్లేవీ?"

నీళ్లు లేవు, ఎందుకంటే డబ్బా లేదు. గుమ్మం పక్కన పెట్టిన డబ్బా మాయమైంది. నూర్దీన్ నాలుగు గుడారాల చుట్టూ వెతుకుతున్నాడు. అతని వెనకే ఐకానిష్ కూడా వెతుకుతోంది.

పన్నెండు గంటలకు సైరాగుల్‌ను గుమ్మానికి ఎదురుగా పెద్దల చోట కూర్చోబెట్టారు. వీపు వెనక మూడు దిండ్లు పెట్టారు. ముప్పై ఏళ్లలో ఆమె ఇంకొకరు వండుతుంటే కూర్చోవడం అదే మొదలు, ఆ సుఖం కూడా తెలియకుండా గడియారం చూసుకుంటూ కూర్చుంది. అప్పుడు ఉమ్సున్ పులియబెట్టిన గుర్రపు పాల కుమిస్ గిన్నె ఆమె చేతికిచ్చి, "తాగండి వియ్యపురాలా," అంది.

సైరాగుల్ గిన్నెను నోటిదాకా తెచ్చి ఆపింది. లోలాకు, మిఠాయిలు, గొర్రె, ఇల్లు నిండా పిల్లలు, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. తొలోగోన్ వైపు చూసింది. ఆయన అప్పటికే దోరోన్‌బెక్ భుజం మీద చెయ్యేసి "బావగారూ" అంటున్నాడు. ఎవరు ఏ వరస పెట్టి పిలిస్తే ఆయన ఆ వరసే పలికేవాడు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ గుడారంలో ఇరవై మంది ఉన్నారు, ఆ అమ్మాయి టీ పోస్తోంది. ఈ పొరపాటు ఇప్పుడు బయటపడితే నవ్వులపాలయ్యేది ఆ పిల్లే. బయటపెట్టకపోతే కచేరీ పోతుంది, కొడుక్కి పెళ్లవుతుంది. సైరాగుల్ నోరు మూసుకుని కుమిస్ తాగింది.

మాంసం ఉడికింది. ఆనందం పట్టలేని దోరోన్‌బెక్ రోడ్డు మీదికి దిగి, వచ్చే కార్లన్నీ ఆపడం మొదలుపెట్టాడు. "మా అమ్మాయి చెవికి ఈరోజే లోలాకులు పెట్టారు. రొట్టె తినకుండా ఎలా వెళతారు?" రెండు గంటలకు ఒక తెల్లటి వ్యాను ఆగింది. అందులోంచి ముగ్గురు వాయిద్యగాళ్లు, వాళ్ల వెనక కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ దిగారు.

సైరాగుల్ మూడు దిండ్లు వదిలి లేచి నిలబడింది. ఆవిడ కలీపా.

అట్-బాషిలో ఎవరిదో పెళ్లివిందులో పాడి, సాయంత్రం కచేరీకి సరస్సుకు వెళుతోందట. ఒక్క ముక్క రుచి చూసి పోతానంది. కానీ ఉమ్సున్ ఆవిడను తీసుకొచ్చి సైరాగుల్ పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టింది.

"అబ్బాయి తల్లివా?" అని అడిగింది కలీపా.

"అబ్బాయికి తల్లినే," అంది సైరాగుల్. అందులో అబద్ధం లేదు. తర్వాత ఆగలేక, "మీ కచేరీకే వస్తున్నామమ్మా. టిక్కెట్లు సంచిలో ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను," అంది.

కలీపా చేతిలోని రొట్టె కింద పెట్టింది. "అక్కడ పాడేది నేను కాదమ్మా," అంది మెల్లగా. "ఎప్పటిదో నా గొంతు పెట్టెలోంచి వస్తుంది. నేను పెదాలు కదుపుతాను. జనానికి ఆ గొంతే కావాలి. ఆరేళ్లయింది నేను నలుగురిలో నిజంగా పాడి."

ఎందుకో గాని, సైరాగుల్‌కు వంటింటి కిటికీలోంచి కనబడే సరస్సు గుర్తొచ్చింది.

"ఇక్కడ కరెంటు లేదుగా," అంది కలీపా. తోటి వాయిద్యగాడి చేతిలోంచి మూడు తీగల కొముజ్ తీసుకుంది. "ముప్పై ఏళ్లు ఆగావు. విను."

పాడింది. రేడియోలో నున్నగా సాగిపోయే చోట రెండుసార్లు గొంతు జీరబోయింది. ఒకచోట ఊపిరి చాలక ఆగి, నవ్వి, మళ్లీ అందుకుంది. సైరాగుల్ ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది, అయితే పాట సగంలో ఉండగా ఆ ఏడుపులోకి సిగ్గు కూడా వచ్చి చేరింది. ఇంత పెద్ద మనిషి ఆరేళ్ల తర్వాత నోరు విప్పి పాడుతోంది, అదీ లేని సంబంధం కోసం. ఇక ఆమెవల్ల కాలేదు. పాట కాగానే ఉమ్సున్ చెయ్యి పట్టుకుని గుడారం వెనక్కి తీసుకెళ్లింది.

"పెద్దమ్మా, మమ్మల్ని క్షమించాలి. మీరు ఎదురుచూసినవాళ్లం మేము కాదు. నీళ్లకోసం వచ్చాం. లోలాకు ఊడిపడితే పెట్టాను, అంతే."

ఉమ్సున్ ముఖంలో ఏ మార్పూ లేదు. కుమిస్ చిలికే తోలుతిత్తి వెనక చెయ్యి పెట్టి నీళ్లడబ్బా బయటికి తీసింది.

"తెలుసు. పిల్లనడగడానికి డబ్బా పట్టుకుని ఎవరొస్తారు?"

"తెలిసి దాచారా?"

"నిన్న సాయంత్రం ఒకడు గుర్రమ్మీద వచ్చి చెప్పిపోయాడు. ఈరోజు పిల్లనడగడానికి రావలసిన నారిన్ వాళ్లకు, మేమింకా ముఖమైనా చూడనివాళ్లకు, ఇంకో సంబంధం దొరికిందట, రారట. నా కొడుకు మేపుకి వెళ్లాడు, విన్నది నేనొక్కదాన్నే. మూడు గుడారాలవాళ్లనీ అప్పటికే పిలిచేశాం. రాత్రంతా నిద్ర లేదు. ఎలా చెప్పను, పిల్లను వద్దన్నారని? పొద్దున్నే మీరొచ్చారు. తల్లి, తండ్రి, కొడుకు, నారిన్ బండి. ఒక్క పూట మా పరువు నిలబెట్టి పోతారనుకున్నాను. ఆ లోలాకు పెట్టమని మాత్రం నేను చెప్పలేదు. అది నీ తప్పే."

సైరాగుల్‌కు కోపం వచ్చింది. తన కచేరీని, తన ఒక్క రోజును ఈవిడ ఒక తోలుతిత్తి వెనక దాచేసింది. కానీ తను ఏమీ కోరకుండా ఎదుటివాళ్ల పరువు కాపాడుతూ ముప్పై వేసవులు గడిపిన మనిషికి, ఆవిడకు ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో అర్థం కావడానికి పెద్ద సమయం పట్టలేదు.

"మరి అమ్మాయి సంగతి?" అంది.

"నా సంగతి నన్ను ఎవరూ అడగలేదు," అంది ఐకానిష్ వెనక నుంచి. ఎప్పుడు వచ్చిందో తెలియదు. "వాళ్లు రానందుకు నాకు సంతోషమే. నాకింకా రెండేళ్ల చదువుంది అత్తా. ఈలోగా జనం ఈ సంగతి మరిచిపోనైనా పోతారు, లేకపోతే మీ అబ్బాయి మాట్లాడటమైనా నేర్చుకుంటాడు. పొద్దుటి నుంచీ నాతో డబ్బా వెతికాడు, ఒక్క మాటంటే ఒక్క మాట లేదు."

"మంచివాడేనమ్మా," అంది సైరాగుల్.

"తెలుస్తోంది. మూడుసార్లు నవ్వాడు."

మూడున్నరకు కలీపా వ్యాను కదలబోతూ ఆగింది. "ఒక సీటు ఖాళీ ఉంది. ఎక్కు. ఏడింటికల్లా చేరతాం," అందావిడ కిటికీలోంచి.

సైరాగుల్ సంచిలో చెయ్యిపెట్టి టిక్కెట్లను తడిమి చూసుకుంది. తర్వాత చెయ్యి బయటికి తీసేసింది.

"వద్దమ్మా. నేను విన్నాను," అంది.

చివరి దీవెన అయ్యేసరికి ఐదు దాటింది. వియ్యంకులు ఇద్దరూ నాలుగుసార్లు కౌగలించుకున్నారు. ఉమ్సున్ దారిలో తినమని మూట నిండా మాంసం కట్టిచ్చింది, నీళ్లడబ్బాను తన చేత్తోనే నూర్దీన్ ఒళ్లో పెట్టింది. పగలంతా నిలబడి చల్లబడ్డ కారు బయలుదేరి మలుపు తిరిగేవరకూ ఐకానిష్ రోడ్డు పక్కనే నిలబడింది. నూర్దీన్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

"రేపు సరస్సు చూద్దాం. నువ్వు ఇసుకలో పడుకో, వంట నేను చేస్తాను," అన్నాడు తొలోగోన్.

"నువ్వా?"

"మాంసం ఉందిగా. వేడి చేయడమేగా."

సైరాగుల్ నవ్వింది. కాగితం తీసి, గీత గీసి రాసుకున్న ఆఖరి మాటను కొట్టేసింది. నాలుగు మైళ్లు దాటాక కారు ముందు నుంచి మళ్లీ ఆవిరి లేచింది. ఎదురుగా పచ్చికలో ఇంకో గుడారం, దాని ముందు నిలబడి రండి రండి అని చేతులూపుతున్న ఒక ముసలాయన కనిపించారు.

నూర్దీన్ గొంతు సవరించుకుని ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు. "డబ్బా తెచ్చానమ్మా. నీళ్లే మరిచిపోయాను."